రెండు గంటలు నిండని టైమర్

2007 ఎండాకాలం. ఇబ్రహీంపట్నం దగ్గర సాగర్ రోడ్డు మీది ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబ్ అసిస్టెంటును. డిప్లొమా అయిపోగానే దొరికిన ఉద్యోగం. పగలు విద్యార్థులతో మైక్రోకంట్రోలర్ ల్యాబ్. సాయంత్రం బస్టాండు వెనక సందులో మా ఆయన నడిపే మోటారు వైండింగ్ షాపు. అందులో ఒక మూల నా బల్ల. దాని మీద సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, కాలేజీ వాళ్లు పాతదైందని తీసేస్తే తెచ్చుకున్న ఆసిలోస్కోపు ఉండేవి. బోరు మోటార్ల ఆటో స్టార్టర్లు, కోళ్ల షెడ్ల కంట్రోలర్లు, పాల కేంద్రాల మిషన్ల బోర్డులు నా దగ్గరికి వచ్చేవి. చుట్టుపక్కల ఊళ్లలో నా పేరు చాలామందికి తెలియదు. "బోర్డులు చేసే మేడం" అంటే మాత్రం చిరునామా చెప్పేవారు.

ఆ రోజుల్లో మా ప్రాంతమంతా ఒకటే హడావుడి. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు, తుక్కుగూడ మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు పనులు నడుస్తున్నాయి. పొద్దున జొన్న చేనుగా చూసిన భూమి సాయంత్రానికి తెల్లరంగు పూసిన రాళ్లతో ప్లాట్లయ్యేది. బస్సులో ఇద్దరు కూర్చుంటే మూడో మాట భూమి గురించే. నేను చెప్పబోయే కేసులో కూడా భూమి మాట వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

మైక్రోకంట్రోలర్ గురించి తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. అది రెండు వైపులా కాళ్లున్న నల్లటి చిప్పు. దాని లోపల అంకెలు దాచుకునే గదులు ఉంటాయి. కొన్ని గదులు మామూలువి. కొన్నిటిని స్పెషల్ ఫంక్షన్ రిజిస్టర్లు అంటారు. వాటిలో వేసిన అంకెను బట్టి చిప్పు ఒక పని మొదలుపెడుతుంది, లేదా ఆపుతుంది. ఉదాహరణకు టీమాడ్ అనే రిజిస్టరు టైమర్ ఏ పద్ధతిలో నడవాలో చెబుతుంది. టీకాన్ అనే దానిలో ఒక బిట్‌ను, అంటే సున్నానో ఒకటో పట్టే చిన్న అరను, ఒకటి చేస్తే టైమర్ నడక మొదలవుతుంది. టైమర్ అన్నాం కదా అని దానికి గంట ఎంతయిందో తెలుసనుకోకూడదు. అది ఒకటొకటిగా లెక్క పెంచుకుంటూ పోతుంది, నిండగానే ఒక జెండా ఎత్తుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. జెండా ఎన్నిసార్లు లేచిందో ప్రోగ్రాం గుర్తుపెట్టుకుని, వాటిని సెకన్లుగా, నిమిషాలుగా, గంటలుగా పోగేసుకుంటుంది. మా విద్యార్థులు ఈ రిజిస్టర్ల పేర్లు, బిట్ల వరుస పరీక్ష కోసం బట్టీ పట్టేవారు. నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పేదాన్ని.

ఒక సాయంత్రం ముప్పై దాటిన ఒకామె షాపు గడప దగ్గర నిలబడింది. చేతిలో గుడ్డసంచి.

"అక్కా, బోర్డులు చేసేది నువ్వేనా?"

"అవ్. లోపలికి రా. ఏం తెచ్చినవ్?"

సంచిలోంచి బోర్డు తీస్తుందనుకున్నాను. మూడు గుడ్లు తీసి బల్ల మీద కాగితం పరిచి పెట్టింది. తన పేరు మంజుల అని, మంచాల పోయే రోడ్డు మీద తనకూ తన అన్న వెంకటేశ్‌కూ కలిపి ఒక చిన్న హేచరీ ఉందని చెప్పింది. హేచరీ అంటే గుడ్లను మిషన్లో పొదిగించి కోడిపిల్లలను తీసే చోటు. నాటుకోడి రకం పిల్లలను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆమె దగ్గరే తీసుకుపోయేవారట.

ఒక గుడ్డును బల్ల అంచుకు కొట్టి జాగ్రత్తగా విప్పింది. లోపల ఈకలు వచ్చిన పిల్ల. బతికి లేదు. పెంకు లోపలి పొరకు ఒక వైపు అతుక్కుపోయి ఉంది. రెండో గుడ్డు, మూడో గుడ్డు కూడా అంతే.

"చూసినవా? అన్నీ గిట్లనే. ఒక్క దిక్కే అతుక్కపోతున్నయ్."

కోడి పొదిగేటప్పుడు గుడ్లను ముక్కుతో తిప్పుకుంటూ ఉంటుంది. తిప్పకపోతే లోపలి పిండం పొరకు అంటుకుపోతుంది. మిషన్లో ఆ పని కోసం గుడ్ల ట్రేలను ఒక మోటారు రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వాలుస్తుంది. ఎప్పుడు వాల్చాలో చెప్పేది కంట్రోలర్ బోర్డు, అందులోని టైమర్. ఇదంతా మంజులే నాకు చెప్పింది. కోళ్ల గురించి నాకప్పటికి ఏమీ తెలియదు.

"ట్రేలు తిరుగుతలేవక్క. పొద్దున నేను పోయే వరకు ఎడమకు వాలి ఉంటయ్. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు గూడ ఎడమకే ఉంటయ్. కొన్ని రోజులు కుడికి ఉంటె దినమంతా కుడికే."

"మీ అన్న ఏమంటున్నడు?"

ఆమె గుడ్ల పెంకులు కాగితంలో చుట్టింది. "రాత్రి ఆయన ఉంటడు. తిరుగుతున్నయ్, నా కండ్లతోని చూసిన అంటడు. నేనే ఊకె తలుపు తెరిసి వేడి పోగొడుతున్ననట. నాకు శాతగాదట. కంపెనీ మెకానిక్ వచ్చి బటన్ నొక్కిండు. తిరిగినయ్. మిషన్ మంచిగుంది అని చెప్పి పోయిండు. ఇగ అన్న మాటే గెలిచింది."

తరువాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. పక్క భూమి ప్లాట్లు వేసి అమ్మే వెంచరుకు పోయింది. వాళ్లు వీళ్ల షెడ్డు భూమి కూడా అడుగుతున్నారు. మూడు విడతలుగా పిల్లలు సగం కూడా రాలేదు. నాలుగో విడత కూడా ఇట్లాగే అయితే షెడ్డు తీసేద్దామని అన్న అంటున్నాడు.

"అక్కా, నీకెందుకు చెప్తున్ననో నాకే తెల్వదు. మిషన్ తిరుగుతలేదని ఆయనకు తెలిసే, తిరుగుతుంది అంటున్నడేమో అనిపిస్తున్నది. ఇది బందైతె భూమి అమ్ముకోవచ్చు గద."

తోడబుట్టిన అన్న మీద అలాంటి మాట అనడం ఆమెకు సులువు కాలేదు. అన్నాక కళ్లు తుడుచుకుంది.

అప్పుడు మిషన్ ఖాళీగా ఉంది. బోర్డు విప్పి తెమ్మన్నాను. మర్నాడు తెచ్చింది. కెపాసిటర్లు మార్చాల్సినంత పాతబడలేదు. టంకాలు ఎక్కడా విడలేదు. రిలే పాయింట్లు శుభ్రంగా ఉన్నాయి. రిలే అంటే చిప్పు ఇచ్చే చిన్న సైగతో పెద్ద మోటారును కలిపే స్విచ్చు. బోర్డుకు కరెంటిచ్చి బల్ల మీద పెట్టాను. రెండు గంటలకు రిలే టక్కుమంది. మళ్లీ రెండు గంటలకు టక్కుమంది. ఆదివారం పొద్దంతా కూర్చుని చూశాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

బోర్డు తీసుకుపోవడానికి ఈసారి వెంకటేశ్ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. నెమ్మదిగా మాట్లాడే మనిషి. నేను ఊహించుకున్నట్టు లేడు.

"బోర్డు మంచిగనే ఉన్నది గద మేడం?"

"ఇక్కడైతే మంచిగనే నడిచింది."

"నేను ముందే చెప్పిన." గెలిచినట్టుగా అనలేదు, అలసటగా అన్నాడు. స్టూలు మీద కూర్చున్నాడు. "మా చెల్లె మీకు ఏం చెప్పిందో నాకు ఎరుకే. నేను భూమి అమ్ముకుందామని చూస్తున్న అంటది. అమ్ముకోవాల్నంటే మిషన్ ఖరాబు చేసుడెందుకు? వెంచరోళ్లు ఎప్పటిసంది అడుగుతున్నరు. రాత్రి అన్నం తిని ఆడనే కూసుంట మేడం. టీవీ చూసుకుంట. నా ముందల్నే ట్రేలు తిరుగుతయ్. మోటర్ చప్పుడు ఇనబడుతది. లేనిది ఉన్నదని నేనెందుకు చెప్త?"

"మరి మీ చెల్లె అబద్ధం చెప్తుందంటరా?"

"అబద్ధమని అనలేను. ఆమె గుడ్లు కడుగుడు, ఏరుడు, గిరాకీ చూసుడు, మస్తు పని. మిషన్ దిక్కు చూడదు. పిల్లలు రాకపోయే వరకు ఏదో ఒకటి అనాలె గద."

అతను వెళ్లాక నా మనసు కుదురుగా లేదు. ఇద్దరి మాటల్లోనూ నాకు అబద్ధం కనబడలేదు. బోర్డులోనూ తప్పు కనబడలేదు. బోర్డు బాగుందని నేను చెప్పి పంపిన మాట రేపు ఆ ఇంట్లో మంజుల మీదికే పోతుంది. మర్నాడు ఆమె ఫోను చేసి అడిగింది కూడా. "అంటే నేను అబద్ధమాడుతున్ననా అక్క?" "నేను వచ్చి చూసేదాక ఎవరూ ఏమనుకోకున్రి" అన్నాను.

నాకు సెలవు దొరికే లోపలే నాలుగో విడత గుడ్లు మిషన్లో పెట్టేశారు. పెట్టిన మూడో రోజు పొద్దున నేను ఆ షెడ్డుకు వెళ్లాను. వెంకటేశ్ అప్పుడే బండి తీస్తున్నాడు. తాళంచెవి గోడ మేకుకు తగిలించాడు. మంజుల వచ్చి మేకు మీది నుంచి తీసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. చేతి నుంచి చేతికి ఇవ్వాల్సిన తాళంచెవి గోడ మీదుగా చేతులు మారడం చూస్తే, ఈ మూడు విడతలు ఆ ఇంటిని ఎక్కడికి తెచ్చాయో అర్థమైంది.

మిషన్ బీరువాకు రెట్టింపు ఉంటుంది. ముందు అద్దం తలుపు. లోపల ట్రేలు వరసగా, అన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. తలుపు పైన ఎర్రటి అంకెల డిస్‌ప్లేలో లోపలి వేడి కనబడుతోంది. నేను కుర్చీ వేసుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. మంజుల తన పని చేసుకుంటోంది. మధ్యలో చాయ్ ఇచ్చింది.

గంట గడిచింది. గంటన్నర కావస్తోంది. పైనున్న ట్యూబులైటు ఒకసారి రెప్ప వేసినట్టు ఆగి వెలిగింది. నేను లైటు వైపు చూశాను. మళ్లీ తల దించేసరికి డిస్‌ప్లేలో మూడు ఎనిమిదులు కనబడుతున్నాయి. రెండు సెకన్లలో అవి పోయి ఎప్పటిలా వేడి అంకె వచ్చింది.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"మంజులా, ఇప్పుడు ఎనిమిదులు వచ్చినయ్, చూసినవా?"

"అవి ఊకె వస్తుంటయక్క. వేడి సరి చూసుకుంటదేమో అనుకున్న."

నా బల్ల మీద కూడా ఆ ఎనిమిదులను చూశాను. కానీ ఒక్కసారే, బోర్డుకు మొదట కరెంటు ఇచ్చినప్పుడు. డిస్‌ప్లేలోని గీతలన్నీ వెలుగుతున్నాయో లేదో చూసుకోవడానికి ప్రోగ్రాం మొదట్లోనే అలా వెలిగిస్తుంది. అంటే ఆ చిప్పు ఇప్పుడే కొత్తగా పుట్టింది. రీసెట్ అయింది.

రీసెట్ అయితే ఏమవుతుందో మా ల్యాబ్‌లో ప్రతి ఏడూ చెప్పే పాఠమే. టీమాడ్, టీకాన్, టైమర్ లెక్క ఉండే రిజిస్టర్లు అన్నీ సున్నా అవుతాయి. ప్రోగ్రాం మొదటి వరస నుంచి మళ్లీ మొదలై వాటిని నింపుకుంటుంది. అప్పటిదాకా పోగేసుకున్న గంటన్నర పోయినట్టే. మళ్లీ సున్నా నుంచి రెండు గంటలు నిండాలి. వేడికి ఈ ఇబ్బంది లేదు. ఇప్పుడు ఎంతుందో చూసుకుని హీటరు వేయడమో ఆపడమో చేస్తే చాలు, వెనకటిది గుర్తుండక్కర్లేదు. అందుకే రీసెట్ అయినా డిస్‌ప్లే మామూలుగానే ఉంది, ఫ్యాను తిరిగింది, వేడి తగ్గలేదు. అన్నీ బాగున్నట్టే కనబడ్డాయి. గుర్తుపెట్టుకోవాల్సిన పని ఒక్కటే, గుడ్లు తిప్పే పని. అదొక్కటే జరగలేదు.

కరెంటు పోతే షెడ్డులో జెనరేటర్ ఉంది. కానీ ఇది పోవడం కాదు, ఒక్క క్షణం తగ్గడం. ఎందుకు తగ్గుతోందో చూడాలని బయటికి వచ్చాను. షెడ్డు వెనక గోడ అవతల వెంచరు వాళ్ల రోడ్డు పని జరుగుతోంది. కొత్తగా వేసిన బోరు మోటారు దగ్గర ఒకతను పైపు పట్టుకుని రోడ్డు తడుపుతున్నాడు. రెండు చోట్లకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. పెద్ద మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుగా తీసుకునే దానికి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో అదే లైను మీద ఉన్నవాటికి వోల్టేజి పడిపోతుంది. ఇంట్లో అయితే బల్బు మిణుకుమంటుంది, అంతే.

గోడ మీద నుంచి ఆయన్ని పిలిచాను. "అన్నా, జర మోటర్ బంద్ చేసి మళ్ల వేస్తవా?"

"ఎందుకమ్మ? గంటకో గంటన్నరకో బంద్ చేసుడు, మళ్ల వేసుడు, దినమంతా నా పని అదే గద."

"ఒక్కసారి. నీకేం ఫికర్ లేదు."

ఆయన నవ్వి బంద్ చేశాడు. కొంచెం ఆగి మళ్లీ వేశాడు. షెడ్డులోంచి మంజుల గొంతు గట్టిగా వినబడింది.

"ఎనిమిదులు వచ్చినయక్క!"

ఇంకోసారి వేయించాను. ఇంకోసారి అరిచింది. మూడోసారి ఆమె అరుపులో ఏడుపు కలిసింది. నాలుగోసారి వేయమని నేను అడగలేదు.

వెంకటేశ్‌కు ఫోను చేశాను. ఇంటికి పోయి పడుకున్నవాడు లేచి వచ్చాడు. ఏం చెప్పకుండా అతన్ని మిషన్ ముందు నిలబెట్టి గోడ దగ్గరికి వెళ్లి సైగ చేశాను. లైటు మిణుకుమంది. ఎనిమిదులు వచ్చాయి. నేను లోపలికి వచ్చి విషయం విడమర్చి చెప్పాను. అతను అద్దం దగ్గరికి వంగి ట్రేల వైపు చూశాడు.

"మరి రాత్రి నేను చూసింది?"

"అది గూడ నిజమే. పొద్దుగూకినంక వెంచరోళ్ల పని బందైతది. మీరు అన్నం తిని కూసునే వరకు రెండు గంటలు నిండుతయ్, తిరుగుతయ్. మీరు పండుకున్నంక?"

అతను ఆలోచించాడు. "నడిరాత్రి చేన్ల బోరు మోటర్లకు కరెంటు ఇడుస్తరు. అందరి ఆటో స్టార్టర్లు మోటర్లను ఒక్కపారే లేపుతయ్. తెల్లారేదాక ఊకె ట్రిప్ అయితుంటది, మళ్ల లేస్తుంటయ్." అతనే జవాబు చెప్పుకున్నాడు. రోజంతా పది పన్నెండుసార్లు తిరగాల్సిన గుడ్లు, అతను మేలుకుని చూసే ఆ కాసేపట్లోనే ఒకటి రెండుసార్లు తిరుగుతున్నాయి. మంజుల చూసిన పగలు ఒక్కసారీ తిరగలేదు.

వెంకటేశ్ చెల్లెలి వైపు తిరిగాడు. క్షమాపణ లాంటి మాట ఏదో వస్తుందనుకున్నాను. అలాంటిదేమీ రాలేదు.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అని అడిగాడు.

"ఇంక తినలే."

"పో, తినుపో. నేను కూసుంట ఈడ."

ఆమె కదల్లేదు. "నాకు గూడ మాట ఎక్కువ తక్కువ వచ్చింది అన్న" అంది. అతను వినబడనట్టే మిషన్ బటన్ మీద వేలు పెట్టి అడిగాడు. "మేడం, ఇప్పుడు చేతితోని తిప్పొచ్చునా?"

తిప్పొచ్చని చెప్పాను. గుడ్లు పెట్టి మూడో రోజే కాబట్టి ఇంకా మించిపోలేదని మంజుల అంది. బోర్డు సంగతి తేలేదాకా పగలు ఆమె, రాత్రి అతను అలారం పెట్టుకుని రెండు గంటలకోసారి బటన్ నొక్కేటట్టు మాట్లాడుకున్నారు. నేను బస్సెక్కేటప్పుడు చూస్తే ఇద్దరూ మిషన్ ముందు చెరో స్టూలు మీద ఉన్నారు. ఒక్కరు చాలే పనికి ఇద్దరు కూర్చున్నారు.

కారణం దొరికినంత తొందరగా మందు దొరకలేదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం మా చేతిలో లేదు. బోర్డుకు చిన్న బ్యాటరీ పెడితే ఆ క్షణం గట్టెక్కుతుంది. కానీ బ్యాటరీ ఏదో ఒక రోజు చచ్చిపోతుంది, ఆ రోజు ఎవరికీ తెలియదు. మళ్లీ ఇదే కథ. ప్రోగ్రాంలోనే జ్ఞాపకం పెట్టాలి. పాత చిప్పులోని ప్రోగ్రాం చదవడానికి వీల్లేకుండా తాళం వేసి ఉంది. అందుకని కొత్త చిప్పుకు నేనే ప్రోగ్రాం రాశాను. కరెంటు పోయినా చెరిగిపోని ఒక చిన్న మెమరీ చిప్పును పక్కన పెట్టి, కొద్ది నిమిషాలకోసారి టైమర్ లెక్క అందులో దాచేలా చేశాను. రీసెట్ అయి లేవగానే ప్రోగ్రాం మొదట అక్కడికే పోయి, ఎక్కడ ఆగామో చూసుకుని అక్కడి నుంచే నడుస్తుంది. కాలేజీలో మా విభాగం పెద్దాయన సాయంత్రాలు ల్యాబ్ వాడుకోవడానికి ఒప్పుకున్నారు. బోర్డు నడుస్తుండగా ప్లగ్గు పీకడం, పెట్టడం, మళ్లీ పీకడం. పాఠం చెప్పిన అన్నేళ్లలో నేనెప్పుడూ అలా పీకి చూడలేదు.

ఇంకొక పని కూడా చేశాను. ఆ చిప్పులో రెండు టైమర్లు ఉంటాయి. టీమాడ్‌లో ఒక్క బిట్ మారిస్తే టైమర్ కౌంటర్ అవుతుంది. టైమర్ చిప్పు సొంత గుండెచప్పుడును లెక్కపెడితే, కౌంటర్ బయటి నుంచి చిప్పు కాలు మీదికి వచ్చే సైగలను లెక్కపెడుతుంది. ట్రే పూర్తిగా వాలినప్పుడు నొక్కుకునేలా ఒక స్విచ్చు పెట్టి దాన్ని రెండో టైమరుకు కలిపాను. ఆజ్ఞ ఇచ్చామా అని కాదు, ట్రే నిజంగా వాలిందా అని లెక్క. ఆ లెక్క కూడా మెమరీలో దాగుతుంది; అప్పటిదాకా ఎన్నిసార్లు వాలిందో బటన్ నొక్కితే డిస్‌ప్లేలో కనబడుతుంది.

బోర్డు బిగించిన మర్నాడు వెంకటేశ్ ఫోను చేశాడు.

"మేడం, మస్తు తిరిగినయ్ గుడ్లు! ఒక్క రాత్రికే నూటికి దగ్గరికొచ్చింది. కండ్లు తిరిగి సస్తయేమో పిల్లలు."

వెనక నుంచి మంజుల నవ్వు వినబడింది. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. స్విచ్చు ఒకసారి నొక్కుకుంటే దాని లోపలి రేకు వణికి చాలాసార్లు తాకుతుంది. మన చెవికి ఒక్క టక్కు. చిప్పుకు పది పదిహేను టక్కులు. దీన్ని బౌన్స్ అంటారు. ల్యాబ్‌లో విద్యార్థులకు చూపించడానికి సరదాగా ఉండే విషయం. అక్కడికి పోయి ఒక చిన్న కెపాసిటర్, రెసిస్టర్ పెట్టి ఆ వణుకు అణిచాక లెక్క కుదిరింది. ఆ తరువాత పగటి పని దిగేవారు, రాత్రి పని ఎక్కేవారు బటన్ నొక్కి ఇద్దరూ ఒకే అంకె చూసుకునేవారు.

వారం దాటాక చీకటి గదిలో లైటు ముందు గుడ్డు పెట్టి చూస్తుంటే మంజుల నన్ను పిలిచి చూపించింది. గుడ్డు లోపల సాలెగూడులాగా సన్నటి ఎర్ర నరాలు. మధ్యలో ఒక నల్లటి చుక్క. గుడ్డు కొంచెం తిప్పితే ఆ చుక్క కూడా కదిలింది. "కదిలింది చూసినవా? అతుక్కపోలే" అంది. ఇన్నేళ్లు స్కోపు తెర మీద తరంగాలు చూసిన నాకు, నేను వేసిన ఒక బిట్ అటు చివర ఏం చేస్తుందో మొదటిసారి కనబడింది ఆ లైటు వెలుతురులోనే.

పిల్లలు బయటికి వచ్చే రోజు కాలేజీకి సెలవు పెట్టలేకపోయాను. సాయంత్రం వెళ్లేసరికి షెడ్డంతా కిచకిచలు. వెంకటేశ్ పెట్టెల్లోకి పిల్లలను ఏరుతున్నాడు. మంజుల ఖాళీ ట్రేలు కడుగుతోంది. ఎన్ని వచ్చాయని అడిగితే ఇద్దరూ ఒక్కసారే జవాబు చెప్పబోయి ఆగిపోయారు. "నువ్వు చెప్పు" అన్నాడు అన్న. "మంచిగ వచ్చినయక్క. మునుపు మంచిగున్నప్పటి లెక్కనే వచ్చినయ్" అంది చెల్లె. పగలని కొన్ని గుడ్లు పక్కన పెట్టి ఉన్నాయి. ప్రతి విడతలోనూ కొన్ని అట్లా ఉంటాయట. ఆమె వాటిని విప్పి చూసింది. పొరకు అతుక్కుపోయినవి ఎక్కువ లేవు.

ఆ భూమి చివరికి నిలవలేదు. రెండేళ్ల తరువాత చుట్టూ ఇళ్లు లేచాక వాసన అని కొత్తవాళ్లు పంచాయితీ పెట్టారు. అన్నాచెల్లెళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకుని షెడ్డు భూమి అమ్మేశారు. మంచాల దాటాక ఇంకా లోపలికి పోయి కొత్త షెడ్డు వేసుకున్నారు. అమ్మిన రోజు మంజుల షాపుకు వచ్చి చెప్పింది. బాధపడుతుందేమో అనుకున్నాను. "ఇద్దరం కలిసి అమ్మినం అక్క. అది వేరే ముచ్చట" అంది.

ఆ కేసు తరువాత నా పని రెండు చోట్ల మారింది. ల్యాబ్‌లో ఏ విద్యార్థి టైమర్ ప్రోగ్రాం నడిపి చూపించినా, నేను మాట్లాడకుండా బోర్డు ప్లగ్గు పీకి మళ్లీ పెడతాను. మొదట్లో గొణిగేవారు. రిజిస్టర్లలో ఏ అంకె వేయాలో పుస్తకంలో ఉంటుంది. ఆ అంకె పోయినప్పుడు ఎవరికి ఏం నష్టమో పుస్తకంలో ఉండదు. అది వాళ్లు తమ ప్రోగ్రాంలో రాసుకురావాలి.

రెండోది షాపులో. బోర్డు తెచ్చినవాళ్లను మునుపు "నడుస్తుందా, నడుస్తలేదా?" అని అడిగేదాన్ని. ఇప్పుడు "ఎప్పుడు చూసిన్రు? ఎవరు చూసిన్రు?" అని అడుగుతాను. ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఒకరిని తప్పు పట్టే ముందు, ఇద్దరినీ ఒకే గంటలో ఆ మిషన్ ముందు నిలబెట్టమంటాను. చాలాసార్లు నేను స్క్రూడ్రైవర్ తీయకముందే సగం రిపేరు అక్కడే అయిపోతుంది.